పార్కింగ్ లాట్‌లో కోరం

ఆదివారం సాయంత్రం మన తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట ఎవరేం ఉద్యోగం చేశారని అడగడం మామూలే. డాక్టరంటే ఒక గౌరవం, కార్ల కంపెనీలో ఇంజనీరంటే ఇంకో గౌరవం. నేను మిషిగన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘాల సలహాదారుగా పనిచేసి రిటైరయ్యాననగానే అవతలివాళ్లకు ఏమనాలో తోచదు. "అంటే టీచరా అండీ?" అంటారు. కాదంటాను. అయితే క్లర్కా అని పైకి అడగరు గానీ, పకోడీల పళ్లెం నా వైపు జరిపే తీరులో ఆ అనుమానం ఉంటుంది.

ఈమధ్య మన పిల్లలు కొందరు ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి వచ్చి, "ఆంటీ, ఆ జాబ్‌లో అసలు ఏం చేస్తారు?" అని అడిగింది. చేరాక అడగవలసిన ప్రశ్న కాదు గానీ, చేరకముందు నేనూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకెప్పుడు జీతం పెరిగింది, ఏ గదిలోంచి ఏ గదిలోకి మార్చారు అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి చదివితే నాకే నిద్రొస్తుంది.

ఆ పని ఏమిటంటే

మా విశ్వవిద్యాలయంలో సంఘాలకు కొదవ లేదు. చదరంగం ఆడేవాళ్లకొకటి, పిట్టల్ని చూసేవాళ్లకొకటి, విమానంలోంచి పారాచూట్‌తో దూకేవాళ్లకొకటి, శనివారం పూట ఇనుప టోపీలు పెట్టుకుని చెక్క కత్తులతో కొట్టుకునేవాళ్లకొకటి. ప్రతి సంఘానికీ ఒక నియమావళి ఉండాలి, మా ఆఫీసు నుంచి ఒక సలహాదారు ఉండాలి. ఆ నియమావళిని మా ఆఫీసు ఒప్పుకుంటే సంఘానికి గుర్తింపు వస్తుంది. గుర్తింపు ఉంటే సమావేశాలకు గది ఇస్తారు, విశ్వవిద్యాలయం పేరుతో పోటీలకు పోనిస్తారు. తన నియమావళిని తానే పాటించని సంఘానికి గుర్తింపు తీసేస్తారు. మళ్లీ కొత్తగా సంఘం పెట్టుకుంటే ఏడాది ఆగాలి.

నేను విశాఖపట్నంలో బి.ఎల్. చదివి, రాజమండ్రిలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా రెండేళ్లు చేశాను. ఆ రెండేళ్లలో కోర్టులో నేను నోరు తెరిచి అన్నదల్లా వాయిదా ఇప్పించమనే. తర్వాత పెళ్లయి, డెబ్బైల చివర్లో మావారి ఉద్యోగం వెంట మిషిగన్ వచ్చిపడ్డాను. నా పట్టా ఇక్కడ చెల్లదన్నారు. బాధపడ్డాను, అబద్ధమెందుకు. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని మంచును తిట్టుకుని, చివరికి ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను.

అక్కడ కూర్చున్నాయన పేరు వాల్టర్. తర్వాత చాలా ఏళ్లు ఆయనే నాకు బాసు. అంతకుముందు నౌకాదళంలో వంటలు చూసేవాడట. పెద్ద చేతులు, చిన్న ఓపిక. నేను న్యాయశాస్త్రం చదివానని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే ఉద్యోగం ఇచ్చేశాడు. ఒకే ఒక షరతు, లాయర్లు కావాలనుకునే విద్యార్థుల సంఘాన్ని నేను తీసుకోవాలి, మళ్లీ వాళ్ల పేరు ఆయన చెవిన పడకూడదు.

వాల్టర్ చెప్పిన చిట్కా

నియమావళి ఎలా చదవాలో నాకు కాలేజీ నేర్పలేదు, వాల్టర్ నేర్పాడు. ప్రతి నియమం వెనకా ఎవరో ఒకరి మీద కోపం ఉంటుందనీ, ఆ మనిషెవరో కనుక్కుంటే నియమం అర్థమవుతుందనీ ఆయన సిద్ధాంతం. నేను మొదట నమ్మలేదు. పిట్టల సంఘం వాళ్ల నియమావళిలో "సమావేశానికి ఎవరూ పిల్లిని తీసుకురారాదు" అని ఉంది. విచారిస్తే నిజంగానే ఒకావిడ తెచ్చిందట. బృందగానం వాళ్ల నియమావళిలో "ఎంత బాగా పాడినా పక్కవారి చెవిలో పాడరాదు" అని ఉంది. ఆ చెవి గలాయన్ని నేను స్వయంగా కలిశాను.

పారాచూట్ వాళ్ల నియమావళి ఒక్క పేజీ. పారాచూట్ చూసుకోవాలి, తాగినవాడు దూకకూడదు, అంతే. ప్రాణాల మీదికి వచ్చే పనికి ఒక్క పేజీ సరిపోయింది. మా లాయర్ల సంఘానిది మాత్రం టెలిఫోన్ డైరెక్టరీ అంత లావుండేది. అందులో పిజ్జా మీద ఒక అధ్యాయం. పిజ్జా మీద అనాస ముక్కలు వెయ్యాలా వద్దా అని ఒక కమిటీ వేశారు. వెయ్యాలని కమిటీ తేల్చింది. ఒప్పుకోని ఇద్దరు తమ అసమ్మతిని విడిగా రాసి చదివారు. అది కమిటీ నివేదిక కన్నా పొడుగ్గా, నిజం చెప్పాలంటే బాగా కూడా ఉంది. ఈలోగా పిజ్జా చల్లారిపోయింది.

నేను చేరిన కొత్తల్లో ఒకరోజు గదిలో ఉక్కపోతగా ఉందని ఒకబ్బాయి కిటికీ తెరవమన్నాడు. తెరిస్తే పోయేది. తీర్మానం పెట్టమన్నారు. పెట్టాడు. ఇంకొకడు "సగం వరకు" అని సవరణ పెట్టాడు. సగం అంటే కిందినుంచా పైనుంచా అని మూడోవాడు లేచాడు. చివరికి తీర్మానం నెగ్గి, కిటికీ తెరిచేసరికి వాన జల్లు లోపలికి కొట్టింది. ఇప్పుడు మూయడానికి ఇంకో తీర్మానం కావాలి. నేను లేచి కిటికీ మూసి కూర్చున్నాను. నా చర్య మీద అభిశంసన పెట్టవచ్చా అని వెనక వరుసలో గుసగుసలు వినిపించాయి.

కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట. వీళ్లను చూసి విసుక్కోకండి. పందొమ్మిదేళ్ల వయసులో మనిషికి ఒక ఆయుధం దొరికితే దానితో కనబడ్డదల్లా కొట్టి చూస్తాడు. చెక్క కత్తుల సంఘంవాళ్లు మోకాళ్లు పగలగొట్టుకునేవారు, వీళ్లు నా తల తినేవారు. నష్టం చూస్తే వీళ్లే నయం.

అరుణ

ఎనభైల మధ్యలో ఈ సంఘంలోకి అరుణ వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. వాళ్లది ఫార్మింగ్టన్ హిల్స్. తండ్రి ప్రసాదరావు గారు ఒక కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజనీరు. విఫలమైన బ్రేకును విప్పి, ఎక్కడ చెడిందో చెప్పడం ఆయన పని. ఇంట్లో కూడా అదే పని చేసేవారని వాళ్లావిడ అనేది.

అరుణ మొదటిరోజే ఆఫీసులో అందరి ముందూ నన్ను "ఆంటీ" అని పిలిచింది. ఇక్కడ మిసెస్ కె. అనాలని చెప్పాను. సరేనని, మిసెస్ కె. ఆంటీ అనడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి సంఘంలో ఉన్న ఐరిష్ పిల్లలూ పోలిష్ పిల్లలూ కూడా అలాగే పిలవసాగారు. అదేదో మా దేశపు పదవి అనుకున్నారు.

మాట్లాడితే వినబుద్ధయ్యే పిల్ల. గొంతు పెంచేది కాదు. అవతలివాడు చెప్పేదంతా తల ఊపుతూ విని, ఆఖర్న ఒక్క ప్రశ్న అడిగేది, వాడు నీళ్లు నమిలేవాడు. ఈ పిల్ల లాయరు కాకపోతే ఇంకెవరవుతారని నాకు అనిపించేది. ప్రసాదరావు గారికి మాత్రం అలా అనిపించలేదు. వాళ్ల ఊళ్లో, వాళ్ల కాలంలో, ఇంకెక్కడా సీటు రానివాడు లా చదివేవాడట. ఆయన కూతురికి అన్నిచోట్లా సీటు వస్తుంది, కనుక డాక్టరు కావాలి. లెక్క తేలిపోయింది. ఆ మాట ఆయన నా ఇంట్లో, నా కాఫీ తాగుతూ, నేను లా చదివానని తెలిసే అన్నారు.

అయినా అరుణ తండ్రితో ఒక ఒప్పందం చేసుకుంది. ఆ ఏడు సంఘానికి తను ప్రెసిడెంటుగా ఎన్నికైంది. కోర్టు నాటకంలా సాగే వాదనల పోటీ ఒకటి చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల మధ్య నవంబరులో జరుగుతుంది. మా జట్టును ప్రెసిడెంటే నడిపించాలి. ప్రసాదరావు గారు వచ్చి ఆ పోటీ చూస్తారు. కూతురు నలుగురిలో నిలబడి తన మాట చెల్లించుకోగలదని ఆయనకు నమ్మకం కుదిరితే లా స్కూలు, కుదరకపోతే మెడికల్ స్కూలు. ఇద్దరూ చేయి కలుపుకున్నారు. ఇంట్లో తండ్రీ కూతుళ్లు చేయి కలుపుకోవడమేమిటని వాళ్లావిడ ముక్కున వేలేసుకుంది.

టాడ్ తవ్వి తీసిన నియమం

ఎన్నికలో అరుణ చేతిలో ఓడిపోయినవాడు టాడ్. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునే కుర్రాడు. చెడ్డవాడు కాదు. ఓడిపోయినందుకు ఏడవకుండా ఇంటికెళ్లి నియమావళి మొత్తం చదివాడు. నాకు తెలిసి ఆ పని చేసిన మొదటి మనిషి వాడే. రాసినవాళ్లు కూడా ఎవరి అధ్యాయం వాళ్లు రాశారు గానీ మొత్తం చదవలేదు. ఆమోదించిన వాల్టర్ మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసి ముద్ర వేశాడట. మధ్యలో ఉన్నది పిజ్జా అనుకున్నాడు.

టాడ్ కనిపెట్టింది ఇది. సంఘం పెట్టిన కొత్తల్లో డెన్నిస్ అనే మొదటి ప్రెసిడెంటుకు ఫ్లూ వచ్చి రెండు సమావేశాలకు రాలేదు. ఆ సందులో ఎవరో అతని సభ్యత్వం రద్దు చేయాలని చూశారు. డెన్నిస్ కోలుకుని వచ్చి, మండిపడి, ఒక నియమం రాయించాడు. ఒకసారి సభ్యుడైనవాడు తనంతట తాను రాజీనామా చేస్తే తప్ప సభ్యుడుగానే ఉంటాడు. వాల్టర్ చెప్పిన కోపం ఇక్కడుంది. ఇంకోచోట ఇంకో నియమం. ఎన్నిక జరగాలన్నా, నియమం మార్చాలన్నా మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు హాజరు కావాలి. అది కోరం. అప్పట్లో సభ్యులు డజను మంది, డజను మందీ వచ్చేవాళ్లు. ఎవరికీ ఏ ఇబ్బందీ కనబడలేదు.

రెండూ కలిపి చదవండి. చదువు ముగించి వెళ్లిపోయినవాళ్లు ఎవరూ రాజీనామా చేయలేదు, ఎవరు చేస్తారు? కాబట్టి వాళ్లంతా ఇంకా సభ్యులే. ఏటేటా చేరినవాళ్లను కలుపుకుంటే నూట ఎనభై మంది. కోరానికి నూట ఇరవై మంది కావాలి. సమావేశానికి వచ్చేది ముప్పై మంది. అంటే ఇన్నేళ్లుగా జరిగిన ఏ ఎన్నికా చెల్లదు. ఆ నియమం మార్చుకుందామంటే మార్చడానికీ నూట ఇరవై మంది కావాలి. లాయర్లు కాబోయేవాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత పకడ్బందీగా తమ ఇంటికి తామే బయటినుంచి తాళం వేసుకోలేరు.

టాడ్ ఇదంతా నిండు సభలో చదివి వినిపించాడు. తనకు అరుణ మీద కోపమేమీ లేదనీ, తన ఎన్నిక అయినా ఇలాగే ప్రశ్నించేవాణ్ననీ చెప్పాడు. ఆ రెండోది నిజమేనని నా నమ్మకం. సభ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాళ్ల సంఘం పుట్టి మునిగింది, వాళ్లేమో మునిగిన తీరును మెచ్చుకుంటున్నారు.

అరుణ మాత్రం చప్పట్లు కొట్టలేదు. సభ అయ్యాక నా గదిలోకి వచ్చి కూర్చుంది.

"మిసెస్ కె. ఆంటీ, నేను నాన్నకి చెప్పాను, ప్రెసిడెంట్ అయ్యాను అని. ఇప్పుడు అది ట్రూ కాదు."

నేనేదో సర్దిచెప్పబోయాను.

"కాంపిటీషన్ కూడా లేదు. నాన్న అంటాడు, చూశావా, నీ లాయర్స్ ఒక క్లబ్ కూడా రన్ చేయలేరు అని. అది రైట్ కూడా, ఆంటీ."

నా పట్టా చెల్లదన్న రోజు నేనెలా కూర్చున్నానో అలాగే కూర్చుంది. వాల్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన విషయం విని, పదిహేను రోజులిచ్చాడు. ఈలోగా సరిచేసుకోకపోతే సంఘాన్ని రద్దు చేస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో ఆనందం కనబడింది.

డెన్నిస్ గారి సుదీర్ఘ పాలన

టాడ్ ఇంకో సంగతి కూడా తేల్చాడు. కొత్తవాళ్లు సక్రమంగా ఎన్నికయ్యేదాకా పాతవాళ్లే పదవిలో ఉంటారని నియమం. అంటే మొదటి ఎన్నికలో నెగ్గిన డెన్నిస్ ఇన్నేళ్లుగా, తనకు తెలియకుండానే, ప్రెసిడెంటుగా కొనసాగుతున్నాడు. సమావేశం పిలిచే అధికారం అతనిదే.

డెన్నిస్ ఒహాయోలో తివాచీలు అమ్ముతున్నాడు. ఆ మొదటి బృందంలో లా స్కూలు సీటు రానిది అతనొక్కడికే. నేను ఫోన్ చేసి, మీరింకా మా ప్రెసిడెంటేనండీ అని చెప్పాను. అతను మెల్లగా, తను చూడవలసిన పనులేమైనా పేరుకుపోయాయా అని అడిగాడు. ఆ అడగడంలో ఉన్న మర్యాదకు నేను ఫోన్ పట్టుకునే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇక నూట ఇరవై మందిని ఎక్కడినుంచి తేవాలి? వాల్టర్ ఇచ్చిన గడువు లోపలే, అక్టోబరులో, మా విశ్వవిద్యాలయానికి ఒక పండగ ఉంది. ఫుట్‌బాల్ ఆట రోజున పాత విద్యార్థులంతా వస్తారు. పొద్దున్నే స్టేడియం పక్కన పార్కింగ్ లాట్‌లో కార్లు నిలిపి, డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, ఆట మొదలయ్యేదాకా మాంసం కాల్చుకు తింటారు. సమావేశం అక్కడే పెట్టమని డెన్నిస్ ఆజ్ఞాపించాడు. పదవి అతనికి బాగా ఒంటపట్టింది.

పండగే అయినా, సంఘం సమావేశమంటే ఎవడొస్తాడు? ఇక్కడ నా రెండేళ్ల రాజమండ్రి అనుభవం పనికొచ్చింది. ప్లీడరును కదిలించాలంటే ఏం చేయాలో నాకు తెలుసు. నేనూ అరుణా టాడ్ కలిసి పాతవాళ్లందరికీ ఫోన్లు చేశాం. రమ్మని బతిమాలలేదు. వాళ్లు ప్రెసిడెంటుగానో, కార్యదర్శిగానో, పిజ్జా కమిటీ అధ్యక్షుడుగానో గెలిచిన ఎన్నిక చెల్లదని మాత్రం తెలియజేశాం. ప్రతివాడూ లా స్కూలు దరఖాస్తులో ఆ పదవి గొప్పగా రాసుకున్నవాడే. డెట్రాయిట్‌లో, షికాగోలో పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చున్న లాయర్ల గుండెల్లో రాయి పడింది. ఒకాయన ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అని గుసగుసగా అడిగాడు.

అరుణ ఇంటికి ఫోన్ చేసి తండ్రికి కూడా నిజం చెప్పింది. ప్రసాదరావు గారు కోప్పడలేదట. ఏ నియమం ఎక్కడ చెడిందో తను వచ్చి చూస్తానన్నారట. చెడిన బ్రేకు అనుకున్నారు కాబోలు.

పార్కింగ్ లాట్‌లో

ఆ రోజు ఎండ కాస్తోంది గాని చలి. డెన్నిస్ సూటు, టై వేసుకుని, జడ్జీలు బల్ల మీద కొట్టే చెక్క సుత్తి ఒకటి కొనుక్కుని వచ్చాడు. ఒక పికప్ ట్రక్కు వెనక భాగంలోకి ఎక్కి నిలబడి, సమావేశం ప్రారంభమైందని ట్రక్కు మీద సుత్తితో కొట్టాడు. ట్రక్కు యజమాని ఎవరో మాకు తెలియదు. ఆయన వచ్చి గొడవ పెట్టుకోబోయి, ఇంతమంది లాయర్లని తెలిసి ఊరుకున్నాడు. మా వాల్టర్ పక్కనే పొయ్యి పెట్టుకుని, సంఘం చావు చూడటానికి సాసేజ్‌లు కాలుస్తూ నిలబడ్డాడు.

టాడ్ తలలు లెక్కపెట్టాడు. వంద మంది. ఇరవై మంది తక్కువ. ఒంటిగంటకు ఆట. అది మొదలైతే వీళ్లెవరూ నిలవరు. అప్పటికే పన్నెండు దాటింది. లాయర్లు రెండు పక్షాలుగా చీలి, ట్రక్కు మీద కూర్చున్నవాడు హాజరైనట్టా కాదా అని వాదించుకుంటున్నారు. అరుణ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

అప్పుడు ప్రసాదరావు గారు వచ్చారు. ఒక చేతిలో పెద్ద ఐస్‌బాక్స్ నిండా పులిహోర. వాళ్లావిడ ఊరంతటికీ సరిపడా పంపింది. పరిస్థితి ఏమిటని కూతుర్ని అడిగారు. మూడింట రెండు వంతులు కావాలి, ఇరవై తక్కువైంది అని చెప్పింది. సభ్యుడు కావడానికి అర్హత ఏమిటని అడిగారు. న్యాయశాస్త్రం మీద ఆసక్తి ఉన్న ఏ వ్యక్తి అయినా, ప్రెసిడెంటు ఎదుట ఆ మాట చెప్పి చేరవచ్చు అని టాడ్ ఠక్కున అప్పజెప్పాడు. మొదటి బృందం మనుషులు చాలక తమ రూమ్మేట్లను చేర్చుకోవడానికి అలా రాసుకుంది. ప్రసాదరావు గారు కాసేపు ఆకాశం వంక చూశారు.

"కొత్తగా ఒకడు చేరితే హాజరులో ఒకటి పెరుగుతుంది. కావలసింది మాత్రం మూడింట రెండే పెరుగుతుంది. మనిషికి మూడో వంతు లాభం. ఇరవైకి అరవై మంది. ఇంత పార్కింగ్ లాట్‌లో అరవై మంది దొరకరా?"

ఆ వందమందిలో ఒక్కడికీ ఈ లెక్క తోచలేదు. నాకూ తోచలేదు. అరుణ తండ్రి వంక చూసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని కార్ల మధ్యకు పరుగెత్తింది. ప్రసాదరావు గారు ఐస్‌బాక్స్ ఎత్తుకుని ఇంకో వరుసలోకి వెళ్లారు. ఆయన పద్ధతి సూటిగా ఉండేది. ముందు కాగితం ప్లేటులో పులిహోర పెట్టేవారు, వాళ్లు తిని బాగుందన్నాక మీకు న్యాయశాస్త్రం మీద ఆసక్తి ఉందా అని అడిగేవారు. పచ్చిమిరపకాయ కొరికినవాళ్లకు అప్పుడు దేని మీదా ఆసక్తి ఉండేది కాదు. నీళ్లిచ్చి మళ్లీ అడిగేవారు.

టాడ్ ఇది ఓటర్లకు లంచం కిందికి వస్తుందని అభ్యంతరం చెప్పాడు. సభ్యత్వానికే గాని ఓటుకు ఇవ్వలేదు కదా అని డెన్నిస్ కొట్టిపారేశాడు. మంచి తీర్పు. టాడ్ దాన్ని మెచ్చుకుని, తనూ ఒక ప్లేటు తిన్నాడు.

జనం ట్రక్కు దగ్గర వరుస కట్టారు. డెన్నిస్ ఒక్కొక్కరినీ ఎంతో గంభీరంగా అడిగాడు. బ్యాండు మేళంలో పెద్ద బాకా ఊదేవాడు, బాకాతో సహా వచ్చి ఆసక్తి ఉందన్నాడు. ఒకావిడకు రెండు విడాకులయ్యాయి, ఆసక్తి ఎందుకు లేదంది. ట్రాఫిక్ చూసే పోలీసాయన తన ఉద్యోగమే అది అన్నాడు. ట్రక్కు యజమాని కూడా చేరాడు, తన ట్రక్కును సుత్తితో కొట్టినందుకు ఏ చట్టం వర్తిస్తుందో తెలుసుకోవాలని ఉందట. వాల్టర్‌ను అడిగితే తల అడ్డంగా ఊపాడు గాని, మనిషి తక్కువైతే పిలవమన్నాడు. తక్కువైంది. పిలిచాం. ఆయన సాసేజ్ పటకారు పట్టుకునే, న్యాయశాస్త్రం మీద తనకు ఆసక్తి ఉందని పళ్లు బిగించి చెప్పాడు. ఆఖరివాడుగా ప్రసాదరావు గారే నిలబడ్డారు. ఆసక్తి ఉందా అని డెన్నిస్ అడిగాడు. ఆయన కూతురి వంక చూసి, "ఈ ఒక్క పూటకి" అన్నారు.

కోరం వచ్చింది. తీర్మానం టాడ్ పెట్టాడు. రాసినదీ వాడే, నాకు తెలిసి ఆ సంఘం చరిత్రలో అంత చిన్న తీర్మానం లేదు. ఇంతవరకు జరిగిన ఎన్నికలన్నీ చెల్లుతాయి. ఈ క్షణం నుంచి ఇక్కడ చదువుతున్న విద్యార్థులే సభ్యులు, మిగతావారి సభ్యత్వం ముగిసింది. తమ దరఖాస్తులు నిజమైపోతున్నాయని లాయర్లు రెండు చేతులూ ఎత్తారు. ఒక్క చెయ్యే లెక్కకు వస్తుందని డెన్నిస్ గుర్తుచేశాడు. వ్యతిరేకించినవాడు లేడు. డెన్నిస్ టై సరిచేసుకుని, అరుణను ట్రక్కు మీదికి పిలిచి సుత్తి అందించాడు. ఆమె చేయి పట్టుకుని ఊపి దిగిపోయాడు. అంత మంచి ప్రెసిడెంటును నేను మళ్లీ చూడలేదు.

స్టేడియంలో బ్యాండు మొదలైంది. అరుణ సభ ముగిస్తున్నట్టు ప్రకటించబోతుంటే ప్రసాదరావు గారు చెయ్యెత్తి, తెలుగులోనే మొదలుపెట్టారు. కొత్త నియమంలో కూడా మూడింట రెండు వంతుల కోరం అలాగే ఉండిపోయిందని, చలికాలంలో సగం మందికి జలుబు చేస్తే సంఘం మళ్లీ ఆగిపోతుందని, డిజైన్‌లో సేఫ్టీ మార్జిన్ లేదని. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముప్పై ఏళ్లుగా బ్రేకులు చూసిన మనిషి. వేలు ఆడిస్తూ, ఇంట్లో చెప్పినట్టే చెబుతున్నారు.

అరుణ అంతా తల ఊపుతూ విన్నది. తర్వాత సుత్తితో ఒక్కటి కొట్టి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది. వక్త ఈ సంఘం సభ్యుడు కారు. ఆయన సభ్యత్వం అయిదు నిమిషాల క్రితం, ఆయన కూడా ఓటు వేసిన తీర్మానం వల్ల ముగిసింది. కాబట్టి ఈ సభలో మాట్లాడే హక్కు ఆయనకు లేదు. తర్వాత తండ్రి వంక తిరిగి, గొంతు పెంచకుండా తెలుగులో అంది.

"నాన్నా, మీరు కూర్చోండి."

బాకావాడు బాకా కిందికి దించాడు. ప్రసాదరావు గారు మళ్లీ ఆకాశం వంక చూశారు, లెక్క చూసుకుంటున్నట్టు. అందులో ఆయనకు తప్పు దొరకలేదు. నా పక్కనున్న మడత కుర్చీలో కూర్చున్నారు.

వెంటనే టాడ్ లేచి, కోరం సగానికి తగ్గించాలని ఇంకో తీర్మానం పెట్టాడు. అప్పుడు మిగిలిన సభ్యులు విద్యార్థులే గనుక, విద్యార్థులంతా అక్కడే ఉన్నారు గనుక, అది ఒక్క నిమిషంలో నెగ్గింది. ప్రసాదరావు గారు నా వైపు వంగారు.

"ఆ అబ్బాయి చెప్పింది నా పాయింటే కదండీ?"

"అవునండీ."

"మరి నన్నెందుకు కొట్టేసింది?"

"పాయింటుని కొట్టెయ్యలేదండీ. మిమ్మల్నే కొట్టేసింది."

జనం కుర్చీలు మడిచి స్టేడియం వైపు కదులుతున్నారు. ట్రక్కు మీద అరుణ, చెప్పులు లేని కాళ్లతో, ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతోంది. ఆయన ఆ పిల్లను అంతకుముందెప్పుడూ చూడనట్టు చూశారు.

"లా స్కూల్ అప్లికేషన్లకి లాస్ట్ డేట్ ఎప్పుడండీ?" అన్నారు.